ప్రభుత్వ ఆఫీసుకి కొత్త డేటా లింక్: సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

ఆఫీసులో కంప్యూటర్ కాస్త తెలిసినవాళ్ళు ఒకరుంటే చాలు, నెట్‌వర్క్ పని మొత్తం వాళ్ళ నెత్తినే పడుతుంది. హోదా సీనియర్ అసిస్టెంటే అయినా, ఫైబర్ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం మీరే ఇంజినీర్. హైదరాబాద్‌లో అలాంటి సీట్లలో ఉన్నవాళ్ళు పదేపదే అడిగేది ఇదే: "పాత లైన్ తీసేసి కొత్తది వేస్తున్నారు. కమిషనింగ్ రిపోర్ట్ మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టేయొచ్చా?"

ఇంకా పెట్టకండి. లైన్ పనిచేస్తోందని మీరు ఒప్పుకునే కాగితం అది, మామూలుగా దాని తేదీ నుంచే బిల్లు లెక్క మొదలవుతుంది. సంతకం పడేదాకా కంపెనీ వాళ్ళు మీ ఫోన్ ఎత్తుతారు. పడ్డాక డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు సంఖ్య) పట్టుకుని మీరు తిరగాలి. అందుకే చేయాల్సిన పరీక్షలన్నీ సంతకానికి ముందే అయిపోవాలి. సాయంత్రం ఐదున్నరకి వచ్చి "సార్, ఒక్క సంతకం" అంటే, రేపు రమ్మనండి.

ముందు మీ దగ్గరున్నది ఏ లైనో తెలుసుకోండి

థియరీ ఈ కాస్త చాలు. పాత పద్ధతిలో డేటా కూడా ఫోన్‌లాగే నడిచేది. అవతలి నంబర్‌కి డయల్ చేస్తే ఎక్స్‌ఛేంజి దారి కలిపేది, పని అయ్యాక తెంపేసేది, వాడినంత సేపటికే చార్జీ. అమెరికా ప్రభుత్వం తన శాఖలన్నిటికీ కలిపి 1988లో ఇచ్చిన ఎఫ్‌టీఎస్2000 టెలికాం కాంట్రాక్టులో ఇది స్విచ్డ్ డేటా సర్వీస్ పేరుతో ప్రత్యేక సేవగా ఉంది. వేగం 56, 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). మన ఆఫీసుల్లో ఆ కుటుంబానికి చెందినది ఐఎస్‌డీఎన్. చిన్న రకం బీఆర్ఐలో 64 కేబీపీఎస్ చానళ్ళు రెండు, పెద్ద రకం పీఆర్ఐలో 30.

లీజ్డ్ లైన్‌లో డయల్ చేయడం ఉండదు. రెండు చోట్ల మధ్య దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న ఎంపీఎల్ఎస్ వీపీఎన్‌లో దారి మీ ఒక్కరిది కాదు, ప్యాకెట్లకు (డేటా ముక్కలకు) చీటీ అంటించి కంపెనీ నెట్‌వర్క్‌లోంచి పంపుతారు. మీ శాఖ ట్రాఫిక్ ఇతరులకు కనిపించకుండా వేరుగా నడుస్తుంది. అయితే వేరుగా నడవడం, ఎన్‌క్రిప్ట్ అవడం (ఇతరులు చదవలేని కోడ్‌లోకి మారడం) ఒకటి కాదు. రహస్య ఫైళ్ళు పంపే శాఖ అయితే ఐపీసెక్ టన్నెల్ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే దారి) విడిగా అడగాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత లైన్ బిల్లు, దాని మీది సర్క్యూట్ ఐడీ లేదా టెలిఫోన్ నంబర్
- కొత్త వర్క్ ఆర్డర్ కాపీ, అందులోని ఎస్ఎల్ఏ (సేవ ఏ మేరకు ఇస్తామన్న హామీ, తప్పితే పెనాల్టీ) పేజీ
- చార్జింగ్ నిండా ఉన్న ల్యాప్‌టాప్, దానికి గిగాబిట్ లాన్ పోర్ట్
- మంచి క్యాట్6 ప్యాచ్ కార్డ్‌లు రెండు
- మార్కర్, లేబుళ్ళు
- అవతలి ఆఫీసులో మీలాంటి మనిషి ఒకరు, ఫోన్‌లో అందుబాటులో

చివరిది దొరకడమే కష్టం. దొరక్కపోతే పరీక్ష వాయిదా వేయడమే మంచిది. ఒక చివర నుంచే చూస్తే సగం సంగతులు బయటపడవు.

1. పాత లైన్ మీద ఏమేం నడుస్తున్నాయో రాసుకోండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. "ఐఎస్‌డీఎన్ ఇప్పుడెవరు వాడుతున్నారండీ" అని సరెండర్ లెటర్ (లైన్ వదిలేస్తున్నామన్న ఉత్తరం) పంపేస్తారు. మర్నాడు ఆఫీసు ఫోన్లన్నీ మూగబోతాయి. చాలా ఆఫీసుల్లో పీఆర్ఐ డేటాకి కాకుండా ఆఫీసు ఫోన్లను కలిపే ఈపీఏబీఎక్స్ యంత్రానికి పెట్టి ఉంటుంది. బోర్డు నంబర్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ దాని మీదే. అలాగే వీడియో కాన్ఫరెన్స్ పాత పెట్టె, బయోమెట్రిక్ హాజరు యంత్రం, జిల్లా ఆఫీసుకి వెళ్ళే ఏదో పాత లింక్ కూడా ఉండొచ్చు.

రాక్ దగ్గరికి వెళ్ళి ప్రతి కేబుల్ ఎక్కడికి పోతుందో చూసి కాగితం మీద గీయండి. అర్థం కాని వైరు కనిపిస్తే పీకి చూడొద్దు, ఆఫీసులో పాతవాళ్ళని అడగండి. అటెండర్‌కి తెలిసినంత చాలాసార్లు ఫైల్లో ఉండదు.

2. ఎంత వేగం కావాలో లెక్క వేయండి

"50 ఎంబీపీఎస్ అడిగేద్దాం" అనే పద్ధతి వద్దు. ఎక్కువ భారం వీడియో కాన్ఫరెన్స్, స్కాన్ చేసిన ఫైళ్ళ అప్‌లోడ్ వల్లే. హెచ్‌డీ వీడియో సెషన్ ఒక్కోదానికి 2 నుంచి 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేసుకోండి. ఇక 10 మెగాబైట్ల పీడీఎఫ్ అంటే 80 మెగాబిట్లు. 2 ఎంబీపీఎస్ లింక్ మీద ఆ ఒక్క ఫైలు ఎక్కడానికే 40 సెకన్లు పడుతుంది. ఈ-ఆఫీస్‌లో ఒకేసారి పదిమంది ఫైళ్ళు ఎక్కిస్తే పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

బిట్లకీ బైట్లకీ మధ్య ఉన్న ఈ ఎనిమిది రెట్ల తేడా దగ్గరే తగాదాలు పుడతాయి. 10 ఎంబీపీఎస్ లింక్ మీద కాపీ సెకనుకు 1.2 మెగాబైట్లు చూపిస్తుంటే లింక్ బాగానే ఉన్నట్టు. పైఅధికారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

3. ఫీజిబిలిటీ, ఆర్డర్

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్, లీజ్డ్ లైన్ అవసరాలకు బీఎస్ఎన్ఎల్ లేదా ఎంటీఎన్ఎల్‌నే వాడాలని టెలికాం శాఖ 2020 అక్టోబరు 12న మెమో ఇచ్చింది. మీది కేంద్ర కార్యాలయమైతే మొదటి ఫైల్ నోట్ అక్కడ మొదలవుతుంది. రాష్ట్ర కార్యాలయమైతే బయట కొనే ముందు రాష్ట్ర వైడ్ ఏరియా నెట్‌వర్క్ కనెక్షన్ మీ భవనంలో ఇప్పటికే ఉందేమో అడగండి. పక్క శాఖ అంతస్తులో దాని స్విచ్ ఉండి, మీకు కావాల్సింది ఒక కేబుల్ మాత్రమే కావచ్చు. టెండర్ దాకా వెళ్తే ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్‌లో ఈ సేవలు దొరుకుతాయి.

ఆర్డర్ లెటర్‌లో ఇవి మాటల్లో ఉండాలి: రెండు చివర్ల పూర్తి చిరునామా, అంతస్తు, గది సహా. లింక్ వేగం రెండు వైపులా సమానమని. లాస్ట్ మైల్ (ఎక్స్‌ఛేంజి వైపు నుంచి మీ ఆఫీసు దాకా వచ్చే ఆఖరి దారి) ఫైబరా, రేడియోనా అని. మీ చేతికి ఇచ్చే పోర్ట్ రాగిదా, ఫైబర్‌దా అని. ఐపీ అడ్రసులు ఎన్ని అని. లభ్యత శాతం నెలకు లెక్కిస్తారా, మూడు నెలలకా అని.

ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది. 99.5 శాతం అంటే 30 రోజుల నెలలో 216 నిమిషాలు, మూడున్నర గంటల పైచిలుకు డౌన్ ఉన్నా పెనాల్టీ పడదు. అదే శాతాన్ని 90 రోజులకు లెక్కిస్తే 10 గంటల 48 నిమిషాలు. అంటే ఒక పనిదినం మొత్తం లింక్ లేకపోయినా వాళ్ళు ఎస్ఎల్ఏ లోపలే ఉంటారు. నెలవారీ లెక్కకే పట్టుబట్టండి.

ఎస్టిమేట్‌లో 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూడండి. శాంక్షన్ వచ్చాక గుర్తొస్తే ఫైలు మళ్ళీ మొదటి బల్ల దగ్గరికి వెళ్తుంది.

4. లాస్ట్ మైల్ దారిని కళ్ళతో చూడండి

ఈ నగరంలో లింక్ ఆగడానికి ఎక్స్‌ఛేంజి లోపల ఉండే కారణాల కంటే రోడ్డు మీద ఉండేవే ఎక్కువ. ఫైబర్ నేలలోంచి వస్తోందా, కరెంటు స్తంభాల మీంచి వేలాడుతూ వస్తోందా? సర్వేకి వచ్చిన మనిషితో పాటు గేటు దాకా నడిచి చూడండి.

2025 ఆగస్టులో విద్యుత్ ప్రమాదాల తర్వాత స్తంభాల మీది కేబుళ్ళను తొలగించినప్పుడు హైదరాబాద్‌లో చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వినాయక నిమజ్జనం ముందు శోభాయాత్ర దారుల్లో కిందికి వేలాడే వైర్లను తీసేయడం ఏటా ఉండేదే. మీ ఆఫీసు మొజంజాహీ మార్కెట్, అబిడ్స్ వైపు ఉండి లైన్ గాల్లో వస్తుంటే భాద్రపదంలో టెన్షన్ తప్పదు. భూగర్భ ఫైబర్ కావాలని ఆర్డర్‌లోనే రాయండి. రోడ్డు తవ్వడానికి జీహెచ్ఎంసీ అనుమతి కావాలి, వానాకాలంలో అది దొరకడం కష్టం. అందుకే ఎండాకాలం మొదట్లోనే కాగితాలు కదపండి.

హెచ్చరిక: రెండు కంపెనీల దగ్గర రెండు లింకులు తీసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. రెండు ఫైబర్లూ ఒకే డక్ట్‌లో, ఒకే గేటు గుండా వస్తే జేసీబీకి రెండూ ఒకటే. రెండోది వేరే వైపు నుంచి రావాలి. అది కుదరకపోతే రెండో ఫైబర్‌కి డబ్బు పెట్టకండి, రేడియో లింకో 4జీనో తీసుకోండి.

5. రాక్, కరెంటు, ఎర్తింగ్

కంపెనీ వాళ్ళ మోడెం లేదా మీడియా కన్వర్టర్ మీ యూపీఎస్ మీదే ఉండాలి. గోడ ప్లగ్‌లో పెడితే కరెంటు పోయినప్పుడల్లా లింక్ పడిపోతుంది. పైగా "కస్టమర్ సైట్‌లో పవర్ లేదు" అని ఆ సమయాన్ని ఎస్ఎల్ఏ లెక్కలోంచి తీసేస్తారు. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు వోల్టుల లోపు ఉంటే మంచిది. పాత భవనాల్లో దీన్ని పట్టించుకోక పోర్టులు వరసగా కాలిపోతుంటాయి.

6. లైన్ వచ్చిన రోజు: ముందు తీగ, తర్వాతే ఐపీ

వచ్చిన ఇంజినీర్‌ని ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో అందే కాంతి బలం) ఎంతో కొలిచి చూపించమనండి. దీన్ని డీబీఎంలలో చెప్తారు, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం. 10 కిలోమీటర్ల రకం గిగాబిట్ ఎల్ఎక్స్ మాడ్యూల్ (పరికరంలో ఫైబర్ తగిలించే ముక్క) మైనస్ 19 డీబీఎం వరకు సిగ్నల్ అందుకోగలగాలి. మీటర్ మైనస్ 18 చూపిస్తే లైటు వెలుగుతుంది, లింక్ కూడా వస్తుంది. కానీ ఎలుక కదిపినా, కనెక్టర్‌లో దుమ్ము పడినా పోతుంది. కనెక్టర్ శుభ్రం చేయించండి, స్ప్లైస్ (ఫైబర్ అతుకు) మళ్ళీ వేయించండి. మాడ్యూల్‌ని బట్టి అంకె మారుతుంది. కనీసం నాలుగైదు డీబీ మిగులు ఉండాలన్నది మాత్రం మారదు. కొలత కమిషనింగ్ రిపోర్ట్‌లో రాయించండి, రేపు పోల్చి చూడడానికి పనికొస్తుంది.

తర్వాత పోర్ట్ వేగం, డూప్లెక్స్ (డేటా రెండు వైపులా ఒకేసారి పోతే ఫుల్, వంతులవారీగా పోతే హాఫ్). ఒక వైపు ఆటో పెట్టి, రెండో వైపు 100 ఫుల్ అని బలవంతంగా పెడితే, ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌లోకి జారుతుంది. పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందా అని పంపే చిన్న పరీక్ష) చక్కగా వస్తుంది, ఫైలు కాపీ మాత్రం నత్తనడక. రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఒకే స్థిర విలువ. మధ్యేమార్గం లేదు. పోర్ట్ మీద సీఆర్సీ ఎర్రర్లు, లేట్ కొలిజన్లు (పాడైన, ఢీకొన్న ప్యాకెట్ల లెక్కలు) పెరుగుతుంటే మొదటి అనుమానం దీని మీదే.

7. ఐపీ, రూట్లు, గడియారం

రెండు రూటర్ల మధ్య మాస్క్ (నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులో తేల్చే అంకె) 255.255.255.252 ఉంటే వాడుకునే అడ్రసులు రెండే: ఒకటి వాళ్ళది, ఒకటి మీది. మాస్క్‌లో చివరి అంకె తప్పు టైప్ చేయడం తరచూ జరిగేదే, ఇద్దరూ గట్టిగా చదివి సరిచూసుకోండి. అవతలి ఆఫీసు మీ నెట్‌వర్క్‌కి తిరుగు రూట్ పెట్టిందా? ఇక్కడి నుంచి ప్యాకెట్ వెళ్ళి, జవాబుకి దారి లేకపోతే లింక్ పనిచేయనట్టే కనిపిస్తుంది.

రూటర్, ఫైర్‌వాల్ గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో కలపండి. లాగ్‌లు (పరికరాలు రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచండి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో రెండూ ఉన్నాయి. వచ్చిన ఇంజినీర్ పెట్టిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఆయన గేటు దాటకముందే మార్చండి.

8. పరీక్షలు

కంపెనీ మనిషి తన ల్యాప్‌టాప్ తగిలించి స్పీడ్ టెస్ట్ సైట్ తెరిచి, సూది కుడివైపుకి పోగానే "చూశారుగా సార్" అంటాడు. అది ఒప్పుకోవద్దు. మీరు కొన్నది మీ ఆఫీసు నుంచి మీ సర్వర్‌కి దారి. ఎంపీఎల్ఎస్ వీపీఎన్‌లో ఇంటర్నెట్ అసలు ఉండకపోవచ్చు, ఉన్నా ఎక్కడో కేంద్ర గేట్‌వే గుండా పోతుంది. ఆ సూది చూపేది ఆ గేట్‌వే సంగతి.

*మొదటిది, ఆలస్యం.* అవతలి రూటర్‌కి పింగ్ పెట్టండి. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఢిల్లీకి ఫైబర్ దారి 1500 కిలోమీటర్లు అనుకుంటే వెళ్ళి రావడానికే 15 మిల్లీసెకన్లు. మధ్యలో పరికరాలు, చుట్టుదారులు కలిపి 30, 40 వస్తే ఫిర్యాదు చేయక్కర్లేదు. నగరంలోనే ఉన్న సర్వర్‌కి 40 వస్తే మాత్రం మీ ట్రాఫిక్ వేరే ఊరు తిరిగొస్తోంది. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ దారిన పోయిందో చూపే జాబితా) తీసి చూపించి దారి సరిచేయించండి. 500 దాటితే లాస్ట్ మైల్ ఫైబర్ అని చెప్పి శాటిలైట్ ఇచ్చారేమో అడగండి.

*రెండోది, పెద్ద ప్యాకెట్లు.* విండోస్‌లో పింగ్ తర్వాత హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్, 1472 అని ఇచ్చి అవతలి ఐపీ కొట్టండి. దీనికి 28 బైట్ల హెడర్ కలిస్తే 1500. జవాబు రాకపోతే అంకె తగ్గిస్తూ పోయి ఎక్కడ వస్తుందో చూడండి. ఐపీసెక్ టన్నెల్ ఉంటే 1400 దగ్గర ఆగడం మామూలే, రూటర్‌లో ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) విలువ ఆ మేరకు తగ్గించాలి. ఈ లోపం లక్షణం విచిత్రంగా ఉంటుంది: లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, అటాచ్‌మెంట్ పెట్టగానే గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. అందరూ సాఫ్ట్‌వేర్‌ని తిడతారు.

*మూడోది, వేగం.* రెండు చివర్లా ల్యాప్‌టాప్‌లు పెట్టి ఐపెర్ఫ్ (వేగం కొలిచే ప్రోగ్రాం) నడపండి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, విడివిడిగా. 20 ఎంబీపీఎస్ లింక్ మీద 18.5 నుంచి 19 వస్తే సరే, మిగతాది హెడర్లకు పోతుంది. ఒకే స్ట్రీమ్‌తో, అంటే ఒకే డేటా ధారతో, తక్కువ వచ్చిందని కంగారు పడొద్దు. టీసీపీ విండో (జవాబు రాకముందు పంపగలిగే డేటా) 64 కిలోబైట్లే ఉండి ఆలస్యం 30 మిల్లీసెకన్లు అయితే, లింక్ ఎంత పెద్దదైనా ఆ స్ట్రీమ్ సుమారు 17 ఎంబీపీఎస్ దాటదు. నాలుగు స్ట్రీములు కలిపి మళ్ళీ చూడండి. ఇదే పరీక్ష ఫైర్‌వాల్ ముందు ఒకసారి, వెనక ఒకసారి చేయండి. స్కానింగులన్నీ ఆన్ చేస్తే బ్రోచర్‌లో రాసిన వేగం చిన్న ఫైర్‌వాల్‌కి రాదు. అప్పుడు తప్పు లింక్‌ది కాదు. పెద్ద లింక్ అయితే వై.1564 (లింక్ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతి టెస్ట్ రిపోర్ట్ ఇవ్వమని కంపెనీనే అడగండి, దానికి పరికరాలు వాళ్ళ దగ్గర ఉంటాయి.

*నాలుగోది, ఒక రోజంతా.* సెకనుకొకటి చొప్పున 24 గంటలు పింగ్ నడిపి ఫైల్లోకి రాయించండి. మొత్తం 86,400 ప్యాకెట్లు. వందలోపు పోతే సుమారు 0.1 శాతం, పర్వాలేదు. అయితే మొత్తం ఎన్ని పోయాయన్నదాని కంటే ఎలా పోయాయన్నది ముఖ్యం. విడివిడిగా చెల్లాచెదురుగా పోతే ఒక సంగతి. వరసగా అరవై పోతే లింక్ నిమిషం సేపు తెగింది, కారణం రాతపూర్వకంగా అడగండి. వీడియో కాన్ఫరెన్స్ ఉంటే జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు, ఒకవైపు ఆలస్యం 150 లోపు ఉండాలి.

*చివరిది, అసలు పని.* మధ్యాహ్నం రద్దీ సమయంలో ఈ-ఆఫీస్‌లో పెద్ద ఫైలు ఎక్కించండి, బిల్లులు, చెల్లింపుల ఐఎఫ్ఎంఐఎస్ లేదా పీఎఫ్ఎంఎస్ తెరవండి, ఒక వీడియో కాల్ పెట్టండి. మూడూ ఒకేసారి. పైన అన్ని అంకెలూ బాగుండి ఇది ఆగిపోతే సంతకం పెట్టకూడదు.

9. బ్యాకప్

పూర్వం లీజ్డ్ లైన్ పడిపోతే రూటర్ తనంతట తానే ఐఎస్‌డీఎన్ నంబర్ డయల్ చేసుకునేది. ఇప్పుడా పని 4జీ సిమ్ చేస్తుంది, చిన్న ఆఫీసుకి నా లెక్కలో అది చాలు. ఒక్క చిక్కుంది. సాధారణ సిమ్‌కి పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి అవతలి నుంచి మీ వైపు వీపీఎన్ మొదలుపెట్టలేరు. టన్నెల్ మీ రూటరే మొదలుపెట్టేలా అమర్చాలి, లేదా స్టాటిక్ ఐపీ సిమ్ తీసుకోవాలి.

పరీక్ష సులువు: పనివేళల్లో, అందరికీ చెప్పి, ప్రధాన కేబుల్ పీకండి. ఎన్ని సెకన్లలో మారిందో చూడండి. మళ్ళీ పెట్టండి. తిరిగి ప్రధాన లింక్‌కి రావడం కూడా చూడాలి. వెళ్ళి అక్కడే ఉండిపోయే రూటర్లున్నాయి, నెలాఖరు డేటా బిల్లు చూస్తేగానీ తెలియదు. వాళ్ళ పరికరం వెలుగుతూనే ఉండి, దాని అవతల ఫైబర్ తెగిన సందర్భం కూడా పరీక్షించండి. రూటర్ పోర్ట్ లైటుని మాత్రమే నమ్మితే అప్పుడు బ్యాకప్‌కి మారదు. అవతలి ఐపీకి పింగ్ చూసి మారేలా పెట్టాలి.

10. సంతకం, ఆ తర్వాత సరెండర్

పరీక్షల ఫలితాలు జతచేసి, తేదీతో పాటు టైము కూడా రాసి సంతకం పెట్టండి. ఏదైనా మిగిలి ఉంటే "ఫలానాది పెండింగ్" అని మీ చేత్తోనే రాయండి. సర్క్యూట్ ఐడీ, ఫిర్యాదు నంబర్, ఎస్కలేషన్ వరస (పని కాకపోతే పైన ఎవరికి చెప్పాలో) రాక్ తలుపు మీద అంటించండి.

పాత లైన్ వెంటనే వదలొద్దు. రెండు వారాలైనా, వీలైతే ఒక నెలాఖరు దాటేదాకా రెండూ నడవనివ్వండి. జీతాల బిల్లుల రద్దీ వచ్చినప్పుడే కొత్త లింక్ బలం తెలుస్తుంది. తర్వాత రాతపూర్వకంగా సరెండర్ లెటర్ ఇచ్చి, నంబర్ పేరుపేరునా రాసి, రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి. నోటిమాటతో ఆపమంటే బిల్లు ఆగదు, రెండేళ్ళ తర్వాత ఆడిట్ పేరా వస్తుంది. డిపాజిట్ ఏమైనా కట్టి ఉంటే వాపసు కోరుతూ అదే లెటర్‌లో ఒక వాక్యం చేర్చండి. వాళ్ళ మోడెం అప్పగించిన రసీదు కూడా ఫైల్లో పెట్టాలి.

లింక్ డౌన్ అయినప్పుడు మొదటి నిమిషంలోనే డాకెట్ తీయండి. ఎస్ఎల్ఏ గడియారం సాధారణంగా డాకెట్ టైము నుంచే తిరుగుతుంది. "కాసేపు చూద్దాం" అని ఆగిన గంట మీ లెక్కలోకి రాదు. ఫోన్ చేసేముందు యూపీఎస్, వాళ్ళ పెట్టె మీది లైట్లు, మీ రూటర్ పోర్ట్ ఈ మూడూ చూసి ఫొటో తీయండి. ఒక రిజిస్టర్‌లో డాకెట్ నంబర్, పోయిన టైము, వచ్చిన టైము, వాళ్ళు చెప్పిన కారణం రాస్తూ పోండి. బాగైందని డాకెట్ మూసేసి, లింక్ ఇంకా రాకపోతే అదే డాకెట్ తిరిగి తెరవమనండి. కొత్తది తీస్తే గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. బిల్లు వచ్చినప్పుడు పాస్ చేసేముందు రిజిస్టర్ పేజీ కాపీ జతచేసి, పెనాల్టీ మినహాయింపు ఎంతో అదే నోట్‌లో పెట్టండి.